అక్క ఎడమ కంటి రెప్ప

"కంటి కురుపుతో మనిషి పోతారా?" అని పరామర్శకు వచ్చినవాళ్ళు అడిగారు. పోతారు. మా అక్క పోయింది.

అక్క కంకిపాడు హైస్కూల్లో సోషల్ టీచరు. తొంభైల చివర్లో, ఆమెకు యాభై దాటాక, ఎడమ కంటి పైరెప్పలో గడ్డ లేచింది. నొప్పి లేదు. బెజవాడలో ఒక కంటి డాక్టరు రెప్ప తిరగేసి, కోసి, లోపలిది గీకి తీశాడు. తీసినదాన్ని దూదితో పాటు ట్రేలో పడేశాడు. నేను పక్కనే ఉన్నాను.

ఆరు నెలలకు అదే చోట మళ్ళీ వచ్చింది.

"కోస్తే రెండు రోజులు కట్టు ఉంటుందండీ. స్టెరాయిడ్ ఇంజెక్షనయితే రెండు నిమిషాల పని. చర్మం కాస్త తెల్లబడొచ్చు, అంతే. రెండిటికీ గుణం ఒకటే" అన్నాడు డాక్టరు.

పదో తరగతి పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్ ఆ మర్నాడే మొదలు. అక్క ఒక్క ఏడూ మానలేదు.

"ఒంటికన్నుతో దిద్దితే సగం మార్కులే వేస్తావని భయమా?" అన్నాను.

"నవ్వకురా. కట్టుతో వెళ్తే నా పేపర్లు ఇంకొకళ్ళకిస్తారు. వాళ్ళు చదవకుండా మార్కులేసే రకం. ఇంజెక్షనే ఇవ్వండి డాక్టరు గారూ."

నేనూ ఎక్కడో చదివింది గుర్తు చేసుకుని, రెండూ సమానమేనని వంతపాడాను.

గడ్డ తగ్గింది. మరుసటి ఏడు మళ్ళీ పెరిగింది. ఇంకో ఇంజెక్షన్.

"ఎందుకొస్తోందండీ ఇన్నిసార్లు?" అని అడిగాను.

"టీచర్లు కదా, సుద్దచేత్తో కళ్ళు నులుముకుంటారు" అని డాక్టరు నవ్వాడు. అక్క కూడా నవ్వింది. అప్పటికే ఆ రెప్ప వెంట్రుకలు రాలిపోయాయి.

చెవి ముందు బిళ్ళ కట్టాక వేరే ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ ముందుగా అడిగింది ఒక్కటే: "మొదట తీసిన ముక్క పరీక్షకు పంపారా?"

పంపలేదు. ఇంజెక్షనిస్తే పంపడానికి ముక్కే ఉండదు. గుణం ఒకటేనన్న మనిషి ఈ తేడా చెప్పలేదు. ఆవిడ ముక్క తీసి పంపితే తేలింది: అది కురుపు కాదు, రెప్పలోని గ్రంథికి వచ్చిన క్యాన్సర్, చెవి ముందు బిళ్ళ దాకా పాకింది.

పెద్దకర్మ అయ్యాక బెజవాడ డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

"కోస్తానన్నాను కదండీ. ఆవిడే వద్దన్నారు" అన్నాడు.

"మొదటిసారి కోశారు. ట్రేలో పారేశారు."

అతను బెల్లు నొక్కి తరువాతి పేషెంటును పిలిచాడు.

గొంతు పెంచడం నాకు అలవాటు లేదు. ఆ రోజు పెంచాను. బయట బెంచీల మీద ఉన్నవాళ్ళందరికీ వినబడేలా, "రెప్పలోంచి ఏం తీసినా ల్యాబుకు పంపమని అడగండి. అడిగితే గానీ పంపరు" అని చెప్పి బయటికి వచ్చాను.