నల్లదారం, ఇసుక మూట, కొత్త యంత్రం

అరవైల మొదట్లో, మంచిర్యాల దగ్గరి గనిలో బొగ్గు తొట్టి గుద్ది నా కాలు విరిగింది. మూడు నెలలకు దవాఖానలో కట్టు విప్పితే కుడి తొడ ఎండి, ఎడమదాని పక్కన చిన్నపిల్లవాడి తొడలా కనిపించింది.

"కండ పట్టాలి. మెట్లెక్కి చూపిస్తేనే గనిలోకి, లేకపోతే పని లేదు" అన్నాడు కోస్తా నుంచి వచ్చిన డాక్టరు.

మా అవ్వ మంత్రించిన నల్లదారం తెచ్చి ఆ తొడకు కట్టింది. సంఘం సభల్లో తాయెత్తులను దుమ్మెత్తిపోసేవాణ్ని, అయినా తెంపలేదు. కండ ఎంత పెరిగిందో కొలవడానికి పనికొస్తుంది. ప్రతిసారీ ఒకే చోట కొలిచేలా తొడమీద సిరాచుక్క పెట్టుకున్నాను. ఆ చుక్క దగ్గర దారం కింద వేలు సులువుగా దూరింది.

దవాఖానకు కొత్త యంత్రం వచ్చింది. చెవికి వినబడని శబ్దాన్ని కండలోకి పంపుతుందట. కాంపౌండరు నూనె రాసి, లోహపు బిళ్లను తొడమీద గుండ్రంగా తిప్పేవాడు. కొంచెం వెచ్చగా ఉండేది, అంతే. దసరాకు దానికీ కుంకుమ పెట్టారు.

"గిది ఉండంగ కసరత్తు ఎందుకు తమ్మీ? పండుకో, కండ అదే వస్తది" అన్నాడు కాంపౌండరు.

"ఎవరు కొలిసి చూసిండ్రు సాబ్?"

"మిషిన్ తోని గూడ లడాయేనా నీకు!"

లడాయే. రెండు వారాలు యంత్రం ఒక్కటే పెట్టించుకున్నాను. వేలు ఎప్పటిలాగే దూరింది. మరో రెండు వారాలు యంత్రం మాని, మడమకు ఇసుక మూట కట్టి పొద్దూమాపూ కాలెత్తాను. వేలు కష్టంగా దూరింది. ఆపైన రెండూ కలిపి చేశాను. వేలు దూరనే లేదు.

"సూసినవా, నా దారం మహిమ!" అంది అవ్వ.

"ఇసుక మూట యాదికి రాలేదా అవ్వా?"

"ఇసుకకు ఎవడన్న మొక్కుతడార?"

యంత్రం వృథా అని నేననను. కసరత్తుకు తోడైందేమో. నా ఒక్క కాలితో అది తేలదు, పదిమంది కాళ్లు కొలవాలి. తేలేదాకా దండం మాత్రం పెట్టను, దారానికైనా, కరెంటుకైనా.

డాక్టరు ముందు మెట్లెక్కి దిగాను. 'యంత్రంతో నయమైంది, గనికి పంపవచ్చు' అని రాసి కాగితం చాపాడు. నేను చెయ్యి చాపలేదు.

"కసరత్తు కూడా రాయండి సార్."

"నీకు పని కావాలా, వాదన కావాలా?"

"రెండూ కావాలి."

కాగితం చింపేస్తాడనుకున్నాను. మళ్లీ కలం తీశాడు. 'కసరత్తుతో, యంత్రంతో' అని దిద్దాడు.

కసరత్తును ముందు రాశాడు. కాగితం అందుకొని, మరునాడు పొద్దటి షిఫ్టుకే గనిలోకి దిగాను.