నోట్లో కొవ్వు, ఒంట్లో కొవ్వు

మా పైఅంతస్తు టీచరమ్మ సోమవారం ఉదయం నిద్రలోనే పోయారు. ఆమె కోడలు దిగివచ్చి ఆ మాట చెబితే, నన్ను ఆట పట్టించడానికి అత్తాకోడళ్ళు ఆడుతున్న నాటకమనుకుని ఒక్క క్షణం నవ్వాను. బొమ్మనహళ్ళి పార్కులో అందరి చెప్పులూ సరదాకి దాచే నాలాంటివాడికి అంతకంటే మంచి ఆలోచన ఎక్కడ వస్తుంది.

ఆ పార్కులో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఆమే. చుట్టు పూర్తికాకముందే బెంచీమీద కూర్చుని చేతిసంచీలోంచి వేరుశెనగ చిక్కీ తీసేవారు.

“టీచరమ్మా, వచ్చేది కొవ్వు కరిగించేదానికా, పెంచేదానికా?” అని అడిగాను ఒకరోజు.

“నా కొవ్వు ఒంట్లో ఉండాది, కరగదు. నీది నోట్లో ఉండాదప్పా, అదీ కరగదు.”

నవ్వించాకే పాఠం చెప్పడం ఆమె అలవాటు. పదో తరగతి గట్టెక్కని నాకు కూడా అర్థమైంది. చాలాసేపు నడవాలన్నా పరిగెత్తాలన్నా ఒంట్లోని చక్కెర ఒక్కటే చాలదట. కొవ్వును కూడా కరిగించి శక్తి చేసుకోవాలట. ఆ పని ఎంత చురుగ్గా జరిగేదీ కొంతవరకు అమ్మానాన్నలిచ్చిన జన్యువుల చేతిలోనే ఉంటుందట. ఆమెకు పుట్టుకతోనే అందులో లోపం. “ఇంటినిండా కట్టెలుండాయి, పొయ్యి అంటుకోదు. అందుకే ఈ చిక్కీ,” అనేవారు. తల నెరిశాక ఒక డాక్టరు రక్తపరీక్ష చేయించి కనిపెట్టేదాకా బడిలోనూ అత్తింట్లోనూ ఆమెకున్న పేరు ఒకటే: సోంబేరి, అంటే సోమరిపోతు.

అదే పేరు మా అమ్మాయికీ పడింది. పరుగుపందెం మధ్యలో కాళ్ళు పట్టేసి కూలబడితే ఆటల మాస్టారు పెట్టారు. అప్పటినుంచి అది ఆటస్థలం వైపు వెళ్ళడమే మానేసింది.

“దీనికీ నా జబ్బే అని నేను చెప్పను. డాక్టరుకు చూపించు. సోంబేరి మాత్రం కాదు. సోంబేరి కాళ్ళు పట్టేసేదాకా పరిగెత్తుతుందా?” అన్నారు టీచరమ్మ. మా అమ్మాయి ఏడ్చేసింది. ఆ సాయంత్రమే దాన్ని డాక్టరుకు చూపించాను.

పరీక్షల ఫలితం ఇంకా రాలేదు. ఆమె మాత్రం మర్నాటినుంచే దాన్ని వెంట పార్కుకు తీసుకెళ్ళేవారు. ఆయాసం వచ్చేలోపే కూర్చోవడం, తేరుకున్నాక లేచి నడవడం. ఎవరైనా దాటిపోతే అది తల దించుకునేది. “పోనీ లేమ్మా. పార్కు గుండ్రంగా ఉండాది. ముందు పోయినోళ్ళు మళ్ళీ మన వెనక్కే వస్తారు,” అనేవారు.

ఈ ఉదయం మా అమ్మాయి ఎవరూ పిలవకుండానే పార్కుకు బయల్దేరింది. నేను వెనకే వెళ్ళాను. టీచరమ్మ బెంచీమీద కూర్చుని, చిక్కీ విరిచి సగం నా చేతిలో పెట్టింది.

“తిను నాయనా. నోట్లో కొవ్వు కరగతాది.”

నేను నమలడం పూర్తిచేసేలోపే లేచి నడక మొదలుపెట్టింది. అందరూ దాన్ని దాటిపోతున్నారు, మళ్ళీ దాని వెనక్కే వస్తున్నారు.