ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో వాన

కాలేజీ మిత్రులారా, ఆమె పనిని ఆపింది మీరే. కంప్యూటర్ మేడం గుండెపోటుతో పోయిందని పోయిన వారం పొద్దున్నే తెలిసింది. మీరు ఫొటోకు దండేసిన్రు, మౌనంగా నిలబడ్డరు, సెలవిచ్చి పోతపోత మెయిన్ స్విచ్ బంద్ చేసిన్రు. గౌరవం అనుకున్నరు. ఆ నిమిషానికి ల్యాబులో, ఆఫీసులో, లైబ్రరీలో కంప్యూటర్లు ఆమె పెట్టిన లెక్క చేస్తున్నయి. అది ఇయ్యాళ్టికీ సగంలోనే ఉన్నది.

నేను ఇదే కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. ఆమెను పొగడటానికి ఇది రాస్తలేను. పొగడ్త మైకులోనే అయిపోయింది. ఆమె చేసిన పని ఏందో మీలో ఎంతమందికి తెలుసు?

సిద్దిపేట చుట్టుపక్కల బోరు వేసే ముందు రైతు అడిగేది ఒక్కటే: నీళ్లు నిలుస్తయా? వాన ముందే పడితే ఎట్ల, ఆలస్యమైతే ఎట్ల, నడుమ ఎగ్గొడితే ఎట్ల అని వందల తీర్ల లెక్క కడితే గాని జవాబు రాదు. దానికి పెద్ద కంప్యూటర్ మిషిన్ కావాలని, అది మనకెవరిస్తరని అందరం చేతులెత్తేసినం. ఆమె ఆఫీసు గదిలోకి పోయి నిలబడ్డది.

“ఉత్తరం టైపు చేసినంక ఈ కంప్యూటర్ ఏం చేస్తది సార్?” అని సూపరింటెండెంట్‌ను అడిగింది.

“ఊకె కూసుంటది మేడం. నా తీరుగనే.”

“మీరు కూసోండ్రి. దాన్ని నాకియ్యిండ్రి.”

ఉన్న వైర్లతోనే ఉన్న కంప్యూటర్లన్నిటినీ కలిపింది. ఒక్కోదానికి ఒక్కో తీరు వానను పంచింది. ఎవరన్నా కీబోర్డు ముడితే ఆమె లెక్క పక్కకు జరుగుతది, వాళ్లు లేచిపోతే మళ్లీ మొదలైతది. “ఇల్లు వాళ్లది, మనం అరుగు మీద కూసున్నోళ్లం” అనేది. ఇంటికి పోయే ముందు ఒక్కో డబ్బా మీద చెయ్యి పెట్టి వేడి చూసేది.

దసరాకు గొడవైంది. ఆయుధ పూజ నాడు కంప్యూటర్లకు బొట్టు పెట్టి ఆపేస్తరు గదా.

“పండుగపూట ఆయుధం ముట్టద్దు మేడం,” అన్నడు సూపరింటెండెంట్.

“నేను ముట్టను సార్. మీరు గూడ ముట్టకుండ్రి. స్విచ్చి గూడ.”

అవి కుంకుమ బొట్లతోనే పండుగంతా పనిచేసినయి. అటెండర్ ఒకదానికి బంతిపూల దండ నిండుగా వేస్తే, గాలి ఆడక వేడెక్కి ఆగింది. ఆయన భయపడ్డడు. “ఏంగాలేదన్నా. దాని వానను పక్కదానికిచ్చిన,” అన్నది.

ఏండ్ల తరబడి సర్కారు మనకేం ఇయ్యలేదని వ్యాసాలు రాసినోన్ని నేను. ఆమె నాతో అన్నది: “అడగాల్సింది అడగండ్రి సార్. ఉన్నదాన్ని ఊకె పెట్టి మాత్రం అడగకుండ్రి.” ఆ మాటకు నేను ఆమెకు రుణపడి ఉన్న.

సగంలో ఆగింది చిన్నకోడూరు దిక్కు ఒక రైతక్క లెక్క. రెండు బోర్లు ఎండినయి. మూడోది వేయాల్నా వద్దా అని వచ్చింది.

“ఉన్నదున్నట్టు చెప్పు మేడం. నీళ్లు లేవంటే వానతోనే పండే నువ్వులు చల్లుకుంట.”

“లెక్క అయ్యేదాక బోరు బండిని పిలువకక్కా. లేవని తేలినా చెప్త, తెల్వదని తేలినా చెప్త.”

ఆ అక్క నిన్న వచ్చింది. మేడం ఇగ లేదని గేటు దగ్గరే వాచ్‌మన్ చెప్పిండు. “మరి నా లెక్క?” అన్నదట. నేను ప్రిన్సిపాల్‌ను అడిగిన. “మేడమే లేకుంటే బాధ్యత ఎవరిది?” అన్నడు. మేడం ఉన్నప్పుడు గూడ ఆయన ఏ బాధ్యతా తీసుకోలేదు. తీసుకున్నది ఆయన బల్ల మీది కంప్యూటరే.

చేసినంత లెక్క భద్రంగానే ఉన్నది. ఆగిన కాడికెల్లే మొదలైతది. ఆమె దగ్గర నేర్చుకున్న లెక్చరర్లు ఇద్దరున్నరు. కాబట్టి అడుగుతున్న:

మెయిన్ స్విచ్ వేయండి.

ఆ ఇద్దరికీ ల్యాబు తాళంచెవి ఇవ్వండి.

సెలవుకు, పండుగకు, చావుకు కరెంటు ఆపకండి.

పెద్ద మిషిన్ వచ్చేదాక ఆగుదామని ఎవరూ అనకండి.

చిన్నకోడూరు అక్కకు జవాబు చెప్పండి. నీళ్లు లేవనే జవాబైనా సరే, బోరు బండి ఆమె చెల్క పొలంలకు దిగకముందే చెప్పండి.