మూడు సెకన్ల నవ్వు

ఆ నవ్వును పాటలో పెట్టింది నేను. మా బ్యాండ్ గాయని కాదు. ఈ మాట నాలుగేళ్ల కిందటే చెప్పాల్సింది.

మేం నలుగురం. గాయని కార్ఖానా ఏరియాలో బడి టీచరు, చర్చి క్వయర్‌లో పెరిగిన గొంతు; తెలుగు, తమిళం, ఇంగ్లీషు పాడేది. ఒకతను ఉర్దూలో ఖవ్వాలీ అందుకునేవాడు. ఇంకొకతను డప్పూ గిటారూ వాయించేవాడు. నేను కీబోర్డు. మిక్సింగు కూడా ఏ.ఎస్. రావు నగర్‌లో మా ఇంటి వెనక గదిలో నేనే చేసేవాణ్ణి. పనివాళ్ల దగ్గరికెళ్లి వాళ్ల మాటలు రికార్డు చేసుకొచ్చి, నాలుగు భాషల్లో పాట కట్టేవాళ్లం. గాయని పెట్టిన నియమం ఒకటుండేది: మాట వాళ్లది, గొంతు మనది. పాట తయారవగానే అసలు రికార్డింగు చెరిపేయాలి.

రోడ్లూడ్చే ఒక అక్క, గ్లౌజులు అడిగితే సూపర్‌వైజరు రెండు రోజుల హాజరు కొట్టేసిన సంగతి చెప్పింది. చెప్పి నవ్వింది. ఆ నవ్వు పైకి లేచి, సగంలో దగ్గయిపోయింది.

"నేనని తెల్వనీయకు టీచరమ్మా," అంది.

"నీ పేరూ రాదు, గొంతూ రాదక్కా," అని గాయని మాటిచ్చింది.

ఆ నవ్వు నన్ను వదల్లేదు. మొదటి డప్పు దెబ్బకు ముందు పెట్టి చూస్తే పాట లేచి కూర్చుంది. మూడు సెకన్లే కదా, ఎవరు గుర్తుపడతారులే అనుకున్నాను. ప్రోగ్రాం రోజు పొద్దున, మిగతా ముగ్గురికీ చెప్పకుండా కలిపేశాను.

సాయంత్రం కార్ఖానా గ్రౌండ్‌లో ఊడ్చే ఆడవాళ్లంతా ముందు వరసల్లో కూర్చున్నారు. వెనక, బైకుకు ఆనుకుని సూపర్‌వైజరు. స్పీకర్లలోంచి నవ్వు వినిపించింది.

"అమ్మో, ఏందే గిది! నీ నవ్వే గదనే అక్కా!"

"మైకుల సుత దగ్గుతున్నవ్ గదే!"

సంబరంగా ఆమె వీపు మీద చరుస్తున్నారు. ఆమె మాత్రం నవ్వలేదు. మెల్లగా వెనక్కి తిరిగి చూసింది. సూపర్‌వైజరు నిటారుగా నిలబడి జేబులోంచి ఫోను తీశాడు. గాయని నావైపు చూసింది కానీ పాడటం ఆపలేదు.

సోమవారం హాజరు పట్టీలో ఆ అక్క పేరు లేదు. టీచరమ్మే మోసం చేసిందని బస్తీలో అనుకున్నారు; రికార్డు చేసింది ఆమె ఫోనులోనే కదా.

"నువ్వేమన్నా కలిపావా అన్నా?" అని గాయని ఒక్కసారే అడిగింది.

"పాత ఫైలు పొరపాటున వచ్చినట్టుంది. నువ్వు చెరపడం మర్చిపోయావేమో," అన్నాను.

ఆమె నమ్మింది. చెరిపిందో లేదో తనకే అనుమానం వచ్చి, అది తన తప్పే అనుకుని పాడటం మానేసింది.

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే, ఆ ఆడవాళ్లకు నిజం చెబుదామని హాజరు వేసే చోటికి వెళ్లాను. ఆడవాళ్లు చీపుర్లతో వరసగా నిలబడి ఉన్నారు. అదే సూపర్‌వైజరు హాజరు కోసం ఒక్కొక్కరి ముఖం ఫోనులో ఫొటో తీస్తున్నాడు. "పాటలో అక్క నవ్వు రావడంలో టీచరమ్మ తప్పు లేదు, నేను..." అని మొదలుపెట్టాను.

"జెర ఆగు సారూ," అంది వరసలోని ఒకామె, పెదవులు కదపకుండా. "గిక్కడ చెప్పకు. ఆయన ఇంటుండు. అక్క తీర్గ మేం సుత పోవాల్నా?"

సూపర్‌వైజరు ఫోను పైకెత్తి నా ముఖం కూడా తీసుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ నావైపు చూడలేదు.

అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. టీచరు తన ఫోనులోది పాట తయారైన రోజే చెరిపేసింది. మిగిలింది, మిక్సింగుకని తీసుకుని చెరపకుండా నేను దాచుకున్న కాపీ.