మాస్టారి మండువా ఇంటికి నేను పెట్టిన వంకలు

ఒక్క పూట నోరు కట్టేసుకుని ఉంటే చక్కటి ఇల్లు చెప్పిన రేటుకే దక్కేది. నా నోటికి గొళ్ళెం లేదు. ఆ విధ్వంసం ఎలా జరిగిందో చెబుతాను, వినండి.

నేను కొత్తపేటలో మా కిరాణా కొట్టు వెనకింట్లో పెరిగినదాన్ని. మా నాన్నగారు కొనబోయే బెల్లాన్ని నాలుక మీద వేసుకుని, వేపాకు నమిలినట్టు మొహం పెట్టేవారు. సరుకుకి వంక పెట్టనిదే బేరం మొదలవకూడదని నాకు ఉగ్గుపాలతోనే పట్టేశారు.

ఓడలరేవు దారిలో ఒకప్పుడు చమురు తవ్వకాలతో వెలిగిపోయిన ఊరొకటుంది. బావులు ఎండాక కంపెనీవాళ్ళు సామాను సర్దుకుని పోయారు. ఆఫీసర్లు అద్దెకున్న పాత వీధిలోని మండువా ఇళ్ళు అమ్మకానికొచ్చాయి. అందులో ఒకటి రిటైరైన యోహాను మాస్టారిది. చెప్పిన రేటు న్యాయమైనదే. పైగా మా అద్దింటి ఓనరు నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. పెళ్ళయ్యాక అది ఏడో అద్దిల్లు.

పిల్లల్ని వెంటబెట్టుకుని లోపల అడుగు పెట్టగానే మా ఆయన కరిగిపోయారు. “అబ్బ! ఇంటి మధ్యలో ఆకాశం చూడవే!”

“మెచ్చుకోకండి, రేటు పెరుగుతుంది,” అని ఆయన మోచెయ్యి గిల్లి, రంగంలోకి దిగాను.

“ఏం మాస్టారూ, దూలాలకి చెదలు పట్టినట్టుందే?”

“ఆయ్. పట్టే ఉంటాయమ్మా. నాకు చూపు ఆనదు.”

“వానొస్తే వంటింట్లోకి ఈదుకుంటూ వెళ్ళాలేమో!”

“ఆయ్. నిజమేనండి.”

“తవ్వకాలకి పునాదులు కదిలిపోయుంటాయి. ఆ గోడ చూడండి, తాగొచ్చినవాడిలా ఎలా వాలిందో!”

నిజానికి గోడ పరేడులో పోలీసులా నిటారుగా ఉంది. మాస్టారి మొహం మాత్రం పాలిపోయింది. బేరం పండిందనుకుని, “పోనీ సగం రేటుకి మేమే భరిస్తాం లెండి,” అన్నాను.

“వద్దమ్మా,” అంటూ లేచారాయన. “ఇలాంటి కొంప పిల్లలున్నవాళ్ళకి అంటగట్టి, ఆదివారం చర్చిలో ఏ మొహంతో కూర్చోనండీ? ఊరికే ఇచ్చినా పాపమే. అమ్మనమ్మా.”

నా గుండె జారి చెప్పుల్లో పడింది. “అయ్యో, ఊరికే అన్నానండీ! అవి బర్మా టేకు దూలాలు!”

“అలాగాండీ?”

“ఇలాంటి సున్నపు గోడలు ఇప్పుడెవరు కడుతున్నారు? ఫిరంగి పేల్చినా పెచ్చు ఊడదు!”

“ఆయ్!”

“ఆ గుమ్మం చెక్కడం మ్యూజియంలో పెట్టొచ్చు మాస్టారూ!”

ఈసారి నా మోచెయ్యి గిల్లుతున్నది మా ఆయన. నేను ఆగితే కదా! చూరుని, అరుగుని, చివరికి పెరట్లో గిలకని కూడా పొగిడేశాను.

మాస్టారు కండువాతో కళ్ళొత్తుకున్నారు. “కంపెనీవాళ్ళు అన్నేళ్ళున్నారు గానీ ఒక్కరూ చెప్పలేదమ్మా. అయితే నేను చెప్పిన రేటు మరీ తక్కువండీ!”

అక్కడికక్కడే పావువంతు పెంచేశారు. పైసా తగ్గించలేకపోయాను. తగ్గించాలంటే వంక పెట్టాలి. వంక పెడితే ఆయన అమ్మరు!

అందుకే పిల్లల మీద ఒట్టేసి ప్రకటిస్తున్నాను: ఈ జన్మలో మంచివాళ్ళ దగ్గర ఏదీ కొనను. పచ్చి అబద్ధాలకోరు దొరికితేనే బేరానికి కూర్చుంటాను.