పెద్దమ్మ వదలని చెయ్యి

పురానాపూల్ దగ్గర మా చర్చిలో ఒక పెద్దమ్మ ఉండేది. ఆరాధన అయ్యాక గుమ్మంలో నిలబడి "వందనాలు బిడ్డా" అంటూ చెయ్యి పట్టుకునేది. అంతకుముందు ఆదివారం సాక్ష్యం చెప్పడానికి సంఘం ముందు లేచి ఏం చేస్తామన్నామో, అది చేశామో లేదో చెప్పేదాకా ఆ చెయ్యి వదిలేది కాదు.

నాతో మాట మానేసిన మా అన్న దగ్గరికి వెళ్తానని అందరి ముందూ చెప్పి, మూడు వారాలు పెద్దమ్మకు దొరక్కుండా తప్పించుకున్నాను. నాలుగో వారం చెయ్యి దొరికిపోయింది.

"దేవునికి మాటిచ్చినవ్. ఆయన అడగకముందే నేనడుగుతున్న, నయం కాదా?" అని నవ్వింది. ఆ సాయంత్రమే వెళ్ళాను.

ఒకసారి ఆమే సాక్ష్యానికి లేచింది. "నల్లా కాడ నీళ్లు పట్టేటప్పుడు పక్కింటామెను నోటికొచ్చినట్టు తిట్టిన. ఈ వారం పోయి మాఫీ అడుగుత. నన్ను గూడ ఎవరన్న అడుగుండ్రి."

మరుసటి ఆదివారం గుమ్మంలో ఆమె లేదు. చూస్తే, చెప్పులు చేత పట్టుకుని పక్క తలుపులోంచి జారుకుంటోంది! పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"వందనాలు పెద్దమ్మా. మాఫీ అడిగినవా?"

"వదులు బిడ్డా, మస్తు సిగ్గయితున్నది."

"నేను వదల."

పకపకా నవ్వింది. "గట్లనే పట్టుకో మరి. వదిలితే ఉరుకుత" అంటూ, నన్ను పక్కింటామె గుమ్మం దాకా లాక్కెళ్ళింది.