పొన్నగంటి వేరు

నిన్న బజారు నుంచి తెచ్చిన పొన్నగంటికూర కట్ట ఇంటికి రాగానే విప్పితే తడిమట్టి వాసన గుప్పుమంది. ఎవరో వేళ్ళతో సహా పీకి కట్టేశారు. వాటిని చూసేసరికి సూరమ్మత్త గుర్తొచ్చి, వంట సంగతి మరిచి అక్కడే కూర్చుండిపోయాను.

పందొమ్మిది వందల అరవైల చివర, పెళ్ళయిన ఏడాదికి నాకు ఏడో నెల. అత్తవారిది వంశధార ఒడ్డున పల్లె. విజయనగరంలో పెరిగిన నాకు గట్ల మీద మొలిచేదంతా గడ్డే. ఆ రోజుల్లోనే పొద్దు వాలితే చాలు, కళ్ళు మసకబారడం మొదలైంది. పుట్టే బిడ్డకీ చూపుండదంటారేమోనని హడలిపోయి ఎవరికీ చెప్పలేదు. ఒక సాయంత్రం పక్కింటి సూరమ్మత్త మజ్జిగ చెంబు అందిస్తే, నా చెయ్యి చెంబును దాటిపోయి గాలిలో తడుముకుంది.

"ఎన్నాళ్ళయినాదే ఇలాగ?" అంది నెమ్మదిగా.

ఏడ్చేశాను. "మా అత్తయ్యకి చెప్పకు."

"సెప్పన్లే. రేపు పొద్దున్న నాతో గట్టు మీదకి రా."

అరవై దాటిన ఆ రైతుమనిషికి పొలం గట్లే పెరడు. వాపులకి గలిజేరు, జలుబుకి తుమ్మికూర, కళ్ళకి పొన్నగంటి అంటూ చూపించేది. పొన్నగంటి కొసలు మాత్రమే గిల్లి ఒళ్ళో వేసుకునేది. "పెసరపప్పులో ఎయ్యి. ఉడికిన నీళ్ళు పారబొయ్యకు. సుక్క నూనె పడాల, నేకపోతే కంటికి అందదు" అనేది. చాలా ఏళ్ళ తర్వాత ఒక డాక్టరు ఇదే సంగతి అరగంట వివరిస్తే, బుద్ధిగా విన్నాను.

కానీ నాకు తొందరెక్కువ. రోజూ ఎవరు వెళ్తారని, ఒకనాడు ఒంటరిగా పోయి గట్టంతా ఊడబీకి ఒడినిండా తెచ్చాను. మెచ్చుకుంటుందనుకున్నాను. వేళ్ళు చూసి ఆమె ముఖం మాడిపోయింది.

"ఏరు పీకేసినావేటే! నీ ఎనకాల ఇంకో సూలింత వస్తాది. అదేటి తింటాది?"

కడుపు బరువని కూడా చూడలేదు. ఆ బురదలోనే కూర్చోబెట్టి, ఒక్కొక్క వేరూ నాచేతే నాటించింది. లోపల తిట్టుకుంటూనే నాటాను.

అవి మళ్ళీ చిగురించిన రోజుల్లో, ఒక మునిమాపువేళ ఆమె మా వాకిట్లోకి వచ్చింది. "అత్తా, నీ ముక్కుపుడక మెరుస్తోంది" అన్నాను. ఆమె నా రెండు బుగ్గలూ పట్టుకుని, "ఓలమ్మా, కనిపిస్తన్నాదే నీకు!" అంటూ నాకంటే ఎక్కువ ఏడ్చింది. బిడ్డ పుట్టాక మావారి ఉద్యోగం వెంట ఊరు విడిచాను. వస్తాను, వస్తానంటూనే ఏళ్ళు గడిపాను. వెళ్ళేసరికి ఆమె లేదు. ఆ తప్పు ఇప్పటికీ ముల్లులా గుచ్చుతుంది.

నిన్న సాయంత్రం కొసలు తుంచుకుని, ఆ వేళ్ళు పట్టుకుని మా మేడ దిగాను. మోకాళ్ళు మొరాయిస్తున్నా కుళాయి పక్క తడినేలలో నాటాను. నిండు నెలలతో ఉన్న వాచ్‌మన్ భార్య వచ్చి, "అమ్మమ్మగారూ, చిగురేశాక నేనూ కోసుకోవచ్చా?" అని అడిగింది.

"కోసుకోయే. కొసలు గిల్లు, ఏరు మాత్రం పీకకు" అన్నాను.

యాభై ఏళ్ళుగా నా నోట రాని యాస అది. ఆ పిల్ల తలూపి వెళ్ళిపోయింది. నేను మాత్రం సూరమ్మత్త గొంతు ఇంకోసారి వినబడుతుందేమోనని, చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాను.